రావడానికి గంటా ఇరవై అయిదు నిమిషాలే

మతోజీన్యుష్, పోర్చుగల్
2 జూన్ 1996

ఫెలిస్మీనాకి,

ఇది మీ అక్క డియొలిండా చెబుతుంటే కింద వాటాలో ఉండే అబీలియో గారు రాస్తున్న ఉత్తరం. ఆయన ముప్ఫై ఏళ్ళు ఈ వీధుల్లో ఉత్తరాలు పంచి రిటైరయ్యారు. అన్నేళ్ళూ ఊరందరి కవర్లూ మోశారు గాని ఒక్కటీ విప్పి చూడలేదట. ఆ లోటంతా ఇప్పుడు నా దగ్గర తీర్చుకుంటున్నారు.

పదకొండేళ్ళు నోరు మెదపని మనిషి ఇప్పుడెందుకు రాయిస్తోందా అనుకుంటావు. ఫోన్ చెయ్యకూడదా అని కూడా అనుకుంటావు. ఫోనైతే మొదటి మాటకి నేను పెట్టేస్తాను, రెండో మాటకి నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

సంగతేమిటంటే, శ్మశానం ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అమ్మ సమాధి గడువు తీరిపోయిందట, ఆ చోటు ఇంకొకరికి ఇస్తారట. అక్టోబరు ఇరవై తొమ్మిదో తారీకు మంగళవారం తవ్వి తీస్తారు. ఇంటివాళ్ళు వెళ్ళి ఎముకలు కడిగి, గుడ్డలో చుట్టి, పెట్టెలో సర్దితే గోడలో ఒక గూడు ఇస్తారు. ఎవరూ రాకపోతే దిక్కులేని వాళ్ళందరినీ కలిపి వేసే గుంటలో వేస్తారు. నోటీసులో ఇంత ముతకగా లేదు. అబీలియో గారు చదివినప్పుడు చాలా మర్యాదగా వినిపించింది.

అమ్మ మంచాన పడకముందే మనిద్దరికీ ఏం చెప్పిందో నీకు గుర్తుండాలి, బడికి వెళ్ళినదానివి. "నన్ను పైకి తీసేరోజు చెరో పక్కా నిలబడి ఇద్దరూ కడగండి" అంది. ఇద్దరూ అంది. కాబట్టి నేనొక్కదాన్నే కడగను. నువ్వు రాకపోతే నేనూ గుమ్మం దాటను. అమ్మ ఆ గుంటలోకే పోతుంది. అప్పుడు ఆ మాట నువ్వు మోస్తావు, ఎందుకంటే నేను ఎక్కువ రోజులు మోయను, నాకు డెబ్భై మూడు.

దూరం అని మాత్రం అనకు. అరవై తొమ్మిదిలో పాస్‌పోర్టు లేకుండా దొంగదారిన కొండలెక్కి, తొమ్మిది రాత్రులు నడిచి ఫ్రాన్సులో దిగి, అటునుంచి లక్సెంబర్గ్ చేరినదానివి నువ్వు. అప్పుడు నీకు దూరం కనబడలేదు. ముందర మొగుడు నడుస్తున్నాడు కదా.

నీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఈ వాక్యం అబీలియో గారిది.

మీ అక్క
డియొలిండా (వేలిముద్ర)

*

ఎష్, లక్సెంబర్గ్
20 జూన్ 1996

అక్కా,

ఉత్తరం అందింది. అబీలియో గారికి నా నమస్కారాలు. ఆయన వాక్యం ఒక్కటే ఉత్తరంలా ఉంది.

మా ఆయన అర్మిందు పోయి మూడేళ్ళయింది. నీకు తెలియజేశాను, నీ దగ్గర నుంచి జవాబు లేదు. కారు నడిపింది ఆయన. నాకు రాదు. ఇక్కడి నుంచి పోర్తోకి గాలిలో పదిహేను వందల కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు వేలు. విమానమైతే రెండున్నర గంటలంటారు గాని నేను లిఫ్టు కూడా ఎక్కను, మెట్లే ఎక్కుతాను. నాకూ అరవై ఆరు వచ్చాయి, నీకొక్కదానికే వయసు రాలేదు.

అయినా దూరం గురించి నువ్వు నాకు చెప్పకు. ఎనభై అయిదులో అమ్మ పోయిందని కబురు రాగానే అర్మిందు ఆ రెండు వేల కిలోమీటర్లూ కునుకు లేకుండా నడిపాడు. స్పెయిన్‌లో పెట్రోలు బంకు నుంచి నీకు ఫోన్ చేశాను. ఒక్క గంట ఆపమన్నాను. నేను శ్మశానం గేటు దగ్గర కారు దిగేసరికి నువ్వు చేతుల మట్టి దులుపుకుంటున్నావు. ఫాదర్ గారికి వేరే పని ఉందిట, ఆగలేదుట. ఒక్క గంట. ఆ రోజే చెప్పాను, నువ్వు నీ అంతట నువ్వు ఎదురొచ్చి తీసుకెళ్తే తప్ప ఆ ఇంటి మెట్టు ఎక్కనని.

ఇక్కడి మన కాన్సులేటులో సంతకం పెట్టి కాగితం పంపగలను. దాంతో నువ్వొక్కదానివే జరిపించవచ్చు. అలాకాదు నేనే రావాలంటే, విమానాశ్రయానికి నువ్వే రా. అబీలియో గారినో, పక్కింటి వాళ్ళనో పంపిస్తే తిరుగు విమానం ఎక్కేస్తాను.

ఫెలిస్మీనా

*

మతోజీన్యుష్
5 జూలై 1996

ఫెలిస్మీనా,

కాన్సులేటు కాగితం ఎముకలు కడుగుతుందా? కడిగేటట్లయితే పంపు, తడవకుండా దాచిపెడతాను.

నువ్వు దూరం దూరం అంటున్నావు గనక నేను విచారణ చేయించాను. అబీలియో గారు టికెట్లమ్మే కొట్టుకు వెళ్ళి విమానాల వేళల కాగితం తెచ్చారు. నాకు అక్షరాలు రావు గాని గంటలు వచ్చు. చేపల వేలంలో నలభై ఏళ్ళు గోడ గడియారం కింద నిలబడ్డాను. ఆయన చదివారు, నేను వేళ్ళు మడిచాను. ఏమని తేలిందో విను.

పోర్తోలో పొద్దున పదింటికి ఎక్కితే మీ దగ్గర ఒంటిగంటా ఇరవై అయిదుకి దించుతారు. అంటే మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. మీ దగ్గర రెండూ పదికి ఎక్కితే ఇక్కడ మూడూ ముప్ఫై అయిదుకి దించుతారు. అంటే గంటా ఇరవై అయిదు. రెండుసార్లు చదివించాను, రెండుసార్లూ అంతే వచ్చింది. నాకు నువ్వు మూడున్నర గంటల దూరంలో ఉన్నావు. నీకు నేను గంటన్నర దూరం కూడా లేను. ఇది నేను చెబుతున్నది కాదు, విమానం వాళ్ళు అచ్చు వేయించి పంచుతున్నది. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరి దగ్గరికి రావాలి?

ఇంత దాకా రాసి అబీలియో గారు కలం కింద పెట్టి, సూర్యుడి గురించి మొదలుపెట్టారు. మీకూ మాకూ గంట తేడా ఉందట, ఎవరి గంట వాళ్ళు వేసుకుంటారట, అసలు ప్రయాణం ఎటు పోయినా రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలేనట. అయ్యా, నాలుగేళ్ళ కిందట మన ప్రభుత్వమే గడియారాలు వాళ్ళ గడియారాలతో కలిపి తిప్పింది కదా, చలికాలమంతా పిల్లలు చీకట్లో బడికి పోయారు కదా, ఈ మార్చిలో మళ్ళీ విడదీసింది కదా, మరి ఈ నాలుగేళ్ళూ సూర్యుడు ఎక్కడికి పోయాడని అడిగాను. ఆయన దగ్గర జవాబు ఉంది గాని పొడుగ్గా ఉంది. నేను వంకాయలు తరగడానికి లేచాను.

విమానాశ్రయానికి నేనే వస్తాను. నాకు ఇష్టమై కాదు. అమ్మ కోసం.

తారీకు చెప్పు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప, రెండు రోజుల ముందు నానబెట్టాలి.

డియొలిండా (వేలిముద్ర)

*

ఎష్
22 ఆగస్టు 1996

అక్కా,

టికెట్టు తీసుకున్నాను. సెప్టెంబరు పన్నెండు, గురువారం వస్తాను. శనివారం తిరిగి రావాలి, ఇక్కడ మోకాలికి వైద్యం నడుస్తోంది. మొదట ముఖాముఖీ మాట్లాడుకుందాం. అది సరిగ్గా జరిగితే అక్టోబరుకి మళ్ళీ వస్తాను. జరగకపోతే కాన్సులేటు కాగితం ఉండనే ఉంది.

వేళ జాగ్రత్తగా విను. టికెట్టు మీద మూడూ ముప్ఫై అయిదు అని ఉంది. కానీ మార్చి నుంచి మీరు మాకంటే గంట వెనక ఉన్నారు. కాబట్టి ఒక గంట తీసెయ్యాలి. మీ గడియారంలో రెండూ ముప్ఫై అయిదు అవుతుంది. నీకు తికమక లేకుండా నేనే లెక్క కట్టి పంపిస్తున్నాను. మా వంటింట్లో మొదటి నుంచీ రెండు గడియారాలు ఉన్నాయి, ఒకటి ఇక్కడి గంటకి, ఒకటి అక్కడి గంటకి. ఆ నాలుగేళ్ళూ రెండూ ఒకటే చూపిస్తుంటే ఒకదాన్ని తీసేద్దామని అర్మిందు అన్నాడు. నేను తియ్యనివ్వలేదు.

రెండూ ముప్ఫై అయిదు. నువ్వే రావాలి.

ఫెలిస్మీనా

*

మతోజీన్యుష్
16 సెప్టెంబరు 1996

శ్రీమతి ఫెలిస్మీనా గారికి,

ఇలాగే రాయమన్నాను. పరాయివాళ్ళకి ఎలా రాస్తారో అలా.

గురువారం ఒంటిగంటకే నేను విమానాశ్రయంలో ఉన్నాను. నల్ల పావడా కట్టుకున్నాను, అమ్మ బంగారు పోగులు పెట్టుకున్నాను. అబీలియో గారు తోడు వస్తానన్నారు, మా ఇంటి వ్యవహారమని ఆయన్ని బస్సు దగ్గరే ఆపేశాను. మనుషులు బయటికొచ్చే గాజు తలుపు ఎదురుగా కుర్చీ చూసుకుని కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచాను. గోడ మీద ఒక పెద్ద పలక ఉంది, దాని మీద అక్షరాలు టపటపా తిరిగి పడుతుంటాయి. అవి తిరిగినప్పుడల్లా జనం తలెత్తి చూసి సంతోషిస్తారు. నేను గడియారం చూశాను.

రెండూ ముప్ఫై అయిదు అయింది. ముసలివాళ్ళు వచ్చారు, సన్యాసినులు వచ్చారు, గిటారు పట్టుకుని ఒక పిచ్చివాడు వచ్చాడు. నువ్వు రాలేదు. ఒక్క గంట ఆగలేదని పదకొండేళ్ళు దెప్పావు. సరే, ఈసారి ఆగి చూపిద్దామని కూర్చున్నాను. గడియారం మీంచి కన్ను తియ్యకుండా సరిగ్గా గంట ఆగాను. మూడూ ముప్ఫై అయిదుకి లేచాను. పావడా దులుపుకుని బస్సెక్కాను.

నీకిష్టమని రెండు రోజులు నానబెట్టిన కాడ్ చేప అబీలియో గారికి పెట్టాను. చాలా బాగుందన్నారు. బాగుండకేం.

ఇంకో సంగతి. ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తే ఎవరో సమాధి మీద తెల్ల లిల్లీలు పెట్టిపోయారు. కొట్లో కొన్నవి, పెళ్ళికి తెచ్చినట్టు రిబ్బను కట్టి. లిల్లీల వాసనకి అమ్మకి తలనొప్పి వచ్చేదని ఊరందరికీ తెలుసు. ఎవరో సమాధి పొరబడిన వాళ్ళు అయి ఉంటారు. తీసి పక్కనున్న కస్టమ్స్ ఆఫీసరు మీద పెట్టాను. బతికుండగా ఆయనకి ఎవరూ పూలివ్వలేదు.

నోటీసు తారీకు మారలేదు. నా మాటా మారలేదు. నువ్వు లేకుండా నేను కడగను.

డియొలిండా (వేలిముద్ర. గట్టిగా నొక్కాను, కాగితం చిరిగితే అబీలియో గారి తప్పు కాదు)

*

ఎష్
25 సెప్టెంబరు 1996

డియొలిండా,

ఈ కవరులో నా బోర్డింగ్ కాగితం ముక్క పెట్టాను. ఎవరి చేతనైనా చదివించుకో.

నేను వచ్చాను. విమానం దిగేసరికి గోడ గడియారంలో మూడూ ముప్ఫై అయిదు. గంట ఆలస్యంగా దించారు, ఒక్కరూ క్షమించమని కూడా అనలేదు. పెట్టె తీసుకుని గాజు తలుపులోంచి నాలుగింటికి బయటికి వచ్చాను. ఎదురుగా కుర్చీలు ఉన్నాయి, నువ్వు లేవు. ఆరింటిదాకా ఆ కుర్చీల్లోనే కూర్చున్నాను. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేనూ లేచాను, అది బయటికొచ్చే తలుపని, నువ్వు వచ్చేది అవతలి వైపు నుంచని తెలిసి కూడా.

మళ్ళీ అదే గంట, అక్కా. అప్పుడు నా కారు గంట ఆలస్యం, ఇప్పుడు నా విమానం గంట ఆలస్యం. రెండుసార్లూ నువ్వు ఆగలేదు. రెండో గంట మొదలవగానే నీకు కాళ్ళు దురద పెడతాయేమో.

పోర్తోలో ఒక లాడ్జిలో రెండు రాత్రులు పడుకున్నాను. శుక్రవారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. లిల్లీలు నావి. కస్టమ్స్ ఆఫీసరు గారికి నా శుభాకాంక్షలు. వాసన పడదన్న సంగతి నాకు తెలియదు, నీలా చివరిదాకా ఆమె ఇంట్లో ఉండి ఉంటే తెలిసేది.

తర్వాత మీ వీధి మలుపు దాకా వచ్చాను. నువ్వు బాల్కనీలో దుప్పటి దులుపుతున్నావు. చాలా చిన్నదానివైపోయావు. చూసి వెనక్కి తిరిగాను. నేను పట్టిన పట్టు నీకు తెలుసు.

కాన్సులేటు కాగితం మీద సంతకం పెట్టి ఇందులోనే పెట్టాను. నువ్వే కడుగు. నాకు ఇక రావాలని లేదు.

ఫెలిస్మీనా

*

మతోజీన్యుష్
8 అక్టోబరు 1996

ఫెలిస్మీనా,

నీ ఉత్తరం అబీలియో గారు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ తర్వాత పాత విమానాల కాగితం తీసి, నీ ఆగస్టు ఉత్తరం తీసి, బోర్డింగ్ ముక్క తీసి, మూడూ నా బల్ల మీద పక్కపక్కన పరిచారు. శవపరీక్ష చేస్తున్న డాక్టరులా ఉన్నారు.

విమానం ఆలస్యం కాలేదు, తల్లీ. నీ లెక్క తొందరపడింది. టికెట్టు మీద అచ్చు వేసే గంట ఎక్కడ దిగుతావో అక్కడి గంటేనట. వాళ్ళే తీసేసి వేస్తారట. వాళ్ళు ఒకసారి తీసేసినదాన్ని నువ్వు మళ్ళీ తీశావు. రెండు గడియారాలు గోడకి పెట్టుకున్నదానివి, రెండింటినీ నమ్మావు. మూడూ ముప్ఫై అయిదు అంటే మూడూ ముప్ఫై అయిదే. నేను లేచిన నిమిషానికి నువ్వు దిగావు. నేను బస్సు మెట్టెక్కుతుంటే నువ్వు పెట్టె కోసం నిలబడ్డావు.

ఇంట్లో ఒక్కరికే బడి ఖర్చు పెట్టగలమని అమ్మ అంటే, నేను చేపల గంప ఎత్తుకుని నిన్ను పంపించాను. ఇదిగో, నాలుగో తరగతి దాకా చదివిన ఫలితం.

నా తప్పు లేదని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ నీ ఆగస్టు ఉత్తరం చదివిన రోజే అబీలియో గారు నసిగారు. కాగితంలో మూడూ ముప్ఫై అయిదు ఉంది కదండీ అన్నారు. నా చెల్లెలు చదువుకున్నది, మీరు ఉత్తరాలు మోసిన వారు మాత్రమే అని నోరు మూయించాను. ఆయన ఈ మాట రాస్తున్నప్పుడు చాలా అందంగా, పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. కనబడుతోంది.

విమానాశ్రయంలో ఎవరినైనా అడిగితే సరిపోయేది కదా అని కూడా అన్నారు. ఈ వాక్యం రాయవద్దన్నాను. రాశారు.

నీ కాన్సులేటు కాగితం సొరుగులో పడేశాను. మంగళవారం ఇరవై తొమ్మిది. ఇంక మూడు వారాలు. నువ్వు మళ్ళీ రానంటున్నావు, నేను ఎదురొచ్చి తీసుకెళ్తేనే మెట్టెక్కుతానని ఎప్పుడో అన్నావు. ఎదురు రావడమంటే ఎంత దూరం రావాలో నువ్వు చెప్పలేదు. కాబట్టి నేను ఎష్ దాకా వస్తున్నాను. గురువారం ఇరవై నాలుగు. శనివారం ఇద్దరికీ తిరుగు టికెట్లు కూడా అబీలియో గారు తీసుకున్నారు.

ఏ వేళకి దిగుతానో మాత్రం చెప్పను. చెబితే నువ్వు మళ్ళీ లెక్క కడతావు. పొద్దున్నే వచ్చి కూర్చో, నేను కనబడేదాకా కదలకు.

డియొలిండా (వేలిముద్ర)

*

ఎష్
25 అక్టోబరు 1996, శుక్రవారం

ఫెలిస్మీనాకి,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే నువ్వే రాస్తున్నావు, ఎందుకంటే అబీలియో గారు పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, ఈ వంటింట్లో కలం పట్టగలిగినది నువ్వొక్కదానివే. ఎదురుగా కూర్చుని చెప్పేదానికి ఉత్తరమెందుకని నువ్వు అన్నావు. ఎదురుగా కూర్చుని చెబితే మధ్యలో అడ్డం వస్తావు. రాస్తున్నప్పుడు నోరు మూసుకుంటావు. ఒక్క మాట మార్చకు.

(మార్చడం లేదు. - ఫె.)

మొదట ప్రయాణం గురించి. విమానంలో ఏమీ లేదు. బస్సులాగే ఉంది, కిటికీలు ఇంకా చిన్నవి. నిన్న ఆ మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలలో ఒక గంట ఎక్కడ పట్టుకున్నారో చూద్దామని గడియారం వంకే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడా పట్టుకోలేదు. దిగాక గోడ మీద కలిపేసి ఉంది. సిగ్గులేని పని.

రెండోది. నేను దారిలో ఏడుగురిని అడిగాను. పోర్తోలో ఒక అమ్మాయిని, "నాకు చదువు రాదు, ఏ తలుపో చెప్పు తల్లీ" అన్నాను. ఆ తర్వాత బండలాంటి సూట్‌కేసు ఉన్న పెద్దమనిషిని. విమానంలో ఇద్దరిని. ఇక్కడ దిగాక ముగ్గురిని, వాళ్ళకి నా భాష రాదు, నా కాగితం చూపించి నా కళ్ళు చూపించి తల అడ్డంగా ఊపాను. డెబ్భై మూడేళ్ళు ఎవరికీ చెప్పని మాట ఒక్క పొద్దులో ఏడుగురికి చెప్పాను. మొదటిసారి నా చెప్పుల వంక చూస్తూ చెప్పాను. ఏడోసారికి ఏమీ అనిపించలేదు. సెప్టెంబరులో ఒక్కరిని అడిగి ఉంటే పలక మీద ఏముందో చెప్పేవాళ్ళు. అడగడం ఇష్టం లేక లేచి వచ్చేశాను. కుర్చీలో గంట ఆగాను గాని, ఆ పక్కనే ఉన్న పిల్లని ఒక్క మాట అడగలేకపోయాను. ఇది రాశావా?

(రాశాను.)

నిన్న నువ్వు ఎనిమిదింటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నావని నీ చేతిలో ఖాళీ అయిన రొట్టె పొట్లం చూస్తే తెలిసింది. నేను బయటికి రాగానే నువ్వు ఏమన్నావో కూడా రాయి. "ఆలస్యం చేశావు" అన్నావు. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట.

(నేను ఏడుస్తూ అన్నాను. అది కూడా రాయవచ్చు కదా.)

అడ్డం రావద్దన్నాను.

మూడోది. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం. ఎనభై అయిదులో ఫాదర్ గారికి వేరే పని ఏమీ లేదు. ఆయన గోతి పక్కకి వచ్చి, "డియొలిండా, చెల్లెలు దారిలో ఉందన్నావు. ఎంతసేపైనా ఆగుతాను" అన్నారు. నేను, "వద్దండి, కానివ్వండి" అన్నాను. ఆయన రెండోసారి కూడా అడిగారు. రెండోసారీ వద్దన్నాను.

ఎందుకన్నానో కూడా రాయి. రెండేళ్ళు అమ్మ మంచంలో ఉంది. తినిపించింది నేను, తుడిచింది నేను, రాత్రి పక్క తిప్పి పడుకోబెట్టింది నేను. తలుపు చప్పుడైతే చాలు, ఫెలిస్మీనా వచ్చిందా అనేది. చివరి రోజు పొద్దున నేను నీళ్ళు తాగిస్తుంటే నా మొహంలోకి చూసి, "ఫెలిస్మీనా, వచ్చావా" అంది. నేను కాదని చెప్పలేదు. వచ్చానమ్మా అన్నాను. అందుకని మట్టి అయినా నేనొక్కదాన్నే వేద్దామనుకున్నాను. నువ్వు వస్తే అది కూడా నీదే అయిపోతుందని. ఆ గంట ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. నేనే తీసేశాను.

(ఇక్కడ కలం ఆగింది. సూప్ చల్లారిపోతోందని అక్క తిడుతోంది. రాస్తున్నాను, రాస్తున్నాను.)

నువ్వేమైనా అనాలనుకుంటే రేపు విమానంలో అను. అక్కడ లేచి వెళ్ళిపోవడానికి నాకు వీలుండదు.

మంగళవారం సంగతి. తెల్ల దుప్పటి ఇంట్లో తీసి ఉంచాను, అమ్మ పెళ్ళినాటిది. గోరువెచ్చటి నీళ్ళు ఇస్తారు, సబ్బు మనం తీసుకెళ్ళాలి. నువ్వు తల వైపు నిలబడు. నేను కాళ్ళ వైపు ఉంటాను. కాళ్ళు నేను రెండేళ్ళు పట్టాను, నాకు అలవాటే. మళ్ళీ లిల్లీలు కొనకు.

ఇక చివరిది. రేపు ఇక్కడ రెండూ పదికి ఎక్కి, అక్కడ మూడూ ముప్ఫై అయిదుకి దిగుతాం. ఇందులోంచి ఏమీ తీసెయ్యకు, ఏమీ కలపకు. వచ్చేటప్పుడు నా దగ్గర తీసుకున్న గంటని వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేస్తారని రాత్రి నువ్వే పొట్లం కాగితం మీద రెండు గడియారాలు గీసి చూపించావు. సూర్యుడి సంగతి మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు గాని, గీత బాగుంది.

అలా వచ్చే ఆ గంట నాకొద్దు. నువ్వు తీసుకో. ఆ రోజు పెట్రోలు బంకు నుంచి ఫోన్ చేసి అడిగావే, అదే అనుకో.

కింద నా పేరు నువ్వు రాయకు. నా చెయ్యి పట్టుకుని నా చేత రాయించు. ఎలా వచ్చినా ఫరవాలేదు, అబీలియో గారు కుళ్ళుకోవాలి.

డియొలిండా

(మొదటి అక్షరం తిరగబడింది. దిద్దనివ్వలేదు.)